ఫరవాలేదన్న పాపానికి

కిందటి వారం మనం ఆర్డిస్‌ను వంటింట్లో, పెట్టేసిన ఫోను ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. కొత్తగా చదవడం మొదలుపెట్టిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఆర్డిస్‌కు డెబ్బై దాటాయి. ఉండేది అమెరికాలోని మిన్నెసోటాలో, చెరువు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో. భర్త వెర్లిన్ ఆకురాలే రోజుల్లో పోయాడు. అతని పాత తువ్వాళ్లు దిక్కులేని కుక్కలను సాకే షెల్టర్‌కు ఇచ్చి వద్దామని ఆడపడుచు లావాన్‌ను తోడు తీసుకుని వెళ్లింది. తువ్వాళ్లు ఇచ్చి, పదకొండేళ్ల ముసలి కుక్కను వెంటబెట్టుకుని వచ్చింది. నల్లటి ఒళ్లు, నెరిసిన మూతి, వెనక కాళ్లలో పట్టు లేదు. ఆ వారం వచ్చిన కుక్కలన్నిటికీ షెల్టర్ వాళ్లు కూరగాయల పేర్లు పెట్టారట, అందుకని దీని పేరు టర్నిప్ అయింది. రెండు వారాలు ఇంట్లో ఉంచుకుని, కుదిరితే మన కుక్క, కుదరకపోతే వాళ్ల కుక్క. అదీ అక్కడి పద్ధతి.

గడువు దగ్గర పడుతుండగా షెల్టర్ నుంచి కారిన్ అనే అమ్మాయి ఫోను చేసింది. "ఎలా ఉందండీ మన టర్నిప్?" అని అడిగింది.

"ఫరవాలేదమ్మా," అంది ఆర్డిస్. "కాస్త వేరే తీరుగా ఉంటుందనుకో. సర్దుకుంటున్నాంలే."

ఆర్డిస్ ఉద్దేశమేమిటంటే, ఆ కుక్క వచ్చాక తనకు మళ్లీ ఊపిరి ఆడుతోందని. అంత పెద్ద సంగతి చెప్పడానికి ఆమె దగ్గరున్న మాట అదొక్కటే. కానీ ఆ చుట్టుపక్కల ఎవరూ దేన్నీ "నాకు వద్దు" అనరు. విందులో కూర ఉప్పుకషాయంలా ఉన్నా "కొత్త రుచిగా ఉంది" అంటారు. కుక్కను వదిలించుకోవాలనుకున్న వాడు కూడా "ఫరవాలేదు, సర్దుకుంటున్నాం" అనే అంటాడు, షెల్టర్ వాళ్లే కనిపెట్టి "పోనీ మేం తీసుకెళ్తాం లెండి" అనేదాకా. కారిన్ అక్కడ పుట్టి అక్కడ పెరిగిన పిల్ల. పైకి అన్న మాట వెనక లోపలి మాట పట్టుకోవడంలో తనను మించినవాళ్లు లేరని ఆమెకు గట్టి నమ్మకం.

"అర్థమైందండీ. మీరేం మొహమాటపడకండి. శనివారం నేనే వచ్చి తీసుకెళ్తా," అంది.

ఆర్డిస్ గతుక్కుమంది. గతుక్కుమని, "అయ్యో, అంత దూరం నీకెందుకమ్మా శ్రమ" అంది. ఆ భాషలో దానర్థం సరేనని. కారిన్ ఫోను పెట్టేసింది.

ఇప్పుడు ఆ శనివారం రానే వచ్చింది.

ఆర్డిస్ పొద్దున్నే లేచి కేకు చేసింది. కుక్కను తీసుకుపోయేవాళ్ల కోసం కేకు చేయడమేమిటని మీకు అనిపించవచ్చు. లావాన్‌కూ అదే అనిపించింది.

"ఉరి తీయడానికి వచ్చేవాడికి తాడు పేని ఇస్తున్నావా వదినా?" అంది, బూట్లు గడప దగ్గర విప్పుతూనే.

"కాఫీలోకి ఏదో ఒకటి ఉండాలి కదే."

"అసలు కాఫీ ఎందుకంటా? ఫోనెత్తి, అమ్మాయ్, నువ్వు పొరబడ్డావ్, కుక్క నాది, రావద్దు అను. ఎంతసేపు పని?"

"ఈపాటికి బయల్దేరి ఉంటుంది పాపం. దారిలో ఫోన్ చేస్తే కంగారుపడుతుంది."

"నిన్న చేయాల్సింది."

"నిన్న పనిలో ఉంటుందని..."

"మరి మొన్న?"

ఆర్డిస్ కేకు ముక్కలు కోసింది. ముక్కలు వంకరగా వచ్చాయి.

"మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉంది. పొద్దున్నే నా నోటితో అనిపించకు," అంది లావాన్.

లావాన్ వెర్లిన్‌కు సొంత చెల్లెలు. అన్నకు ఎంత మాట కరువో చెల్లెలికి అంత ధారాళం. పట్నంలో ఏళ్ల తరబడి జుట్టు కత్తిరించే దుకాణం నడిపి వచ్చింది కాబట్టి, ఊరి మర్యాదలు ఆమెకు ఎప్పుడో ఊడిపోయాయి.

టర్నిప్ బల్ల కింద పడుకుని ఉంది. వచ్చిన కొత్తలో అది ఆర్డిస్ అటు తిరిగితే తప్ప తినేది కాదు. రాత్రిళ్లు వీధి తలుపును ఆనుకుని పడుకునేది, ఎలాగూ మళ్లీ ఎక్కడికో పంపేస్తారు, ఇక్కడైతే లేచి వెళ్లడం సులువు అన్నట్టు. మొన్న సాయంత్రం మాత్రం ఆర్డిస్ టీవీ చూస్తుంటే మెల్లగా వచ్చింది, ఆమె పాదం మీద గడ్డం ఆనించింది, పెద్ద నిట్టూర్పు విడిచి నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కి మొద్దుబారినా ఆర్డిస్ కదపలేదు. వెర్లిన్ పోయాక ఆ ఇంట్లో ఆమెను ఆనుకుని నిద్రపోయిన ప్రాణి అదొక్కటే. పంపేస్తే అది మళ్లీ ఎవరి తలుపు దగ్గరో మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఆ వయసులో, ఆ కాళ్లతో.

"వచ్చాక చెప్తాలే," అంది. "ఆ పిల్ల ఎలాగూ అడుగుతుంది కదా. అడిగినప్పుడు చెప్తా."

"అడగందే అమ్మైనా పెట్టదు వదినా. అడగాల్సింది నువ్వు."

"ఎవరైనా మూడుసార్లు అడుగుతారు. మూడోసారి చెప్తాను. నువ్వు మాత్రం నోరెత్తకు. నా కుక్కను నువ్వు అడిగి పెట్టావంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. ఒట్టెయ్."

ఈ మూడుసార్ల లెక్క అక్కడ అందరికీ ఉగ్గుపాలతో వచ్చేదే. మొదటిసారి అడిగితే వద్దనాలి. రెండోసారి "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి "అంతగా అంటే సరే" అనాలి. కాఫీ దగ్గర నుంచి పొలం దాకా అన్నీ ఇలాగే చేతులు మారతాయి. తల్లి పోయినప్పుడు ఆమె ఊగుడు కుర్చీ నీకు కావాలా అని అక్క అడిగింది. ఆర్డిస్ మనసంతా ఆ కుర్చీ మీదే. "నువ్వే తీసుకో" అంది. అక్క మళ్లీ అడిగింది. "నాకెందుకు, నువ్వే తీసుకో" అంది. అక్క షికాగోలో కాపురం ఉండి ఉండి లెక్క మరిచిపోయింది. మూడోసారి అడగకుండా కుర్చీని కారెక్కించి పట్టుకుపోయింది. ఆ కుర్చీ ఇప్పటికీ షికాగోలోనే ఊగుతోంది.

లావాన్ పళ్లు కొరికి ఒట్టేసింది. అంతలో బయట మంచు మీద టైర్ల చప్పుడైంది.

కిటికీలోంచి చూసిన ఆర్డిస్ గుండెల్లో రాయి పడింది. వ్యానులోంచి కారిన్ ఒక్కతే దిగలేదు. పక్క సీట్లోంచి పొడుగాటి ముసలాయన ఒకాయన, మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగాడు. ఆయన చేతిలో కుక్కలకు కట్టే ఎర్ర బెల్టు ఉంది. కొత్తది, దుకాణం చీటీ కూడా ఇంకా ఊడలేదు.

"ఈయన వెండెల్ గారండీ," అంది కారిన్ లోపలికి వస్తూ. మొహం వెలిగిపోతోంది. "పక్క ఊళ్లో స్కూలు బస్సు నడిపేవారు, ఇప్పుడు మానేశారు. మన టర్నిప్‌ను తీసుకుంటానన్నారు. దాన్ని మళ్లీ బోనులో పెట్టడం ఎందుకని నేరుగా ఇక్కడికే తీసుకొచ్చా. మంచి చోటికే పోతోందని మీకూ బెంగ ఉండదు కదా."

వెండెల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. బూట్లు విప్పితే, మేజోడు బొటనవేలి దగ్గర కుట్టు వేసి ఉంది. బల్ల కింద కుక్కను చూశాడు కానీ దగ్గరికి పోలేదు. "ఏమోయ్," అన్నాడంతే. టర్నిప్ తోక నేల మీద టపటపా కొట్టుకుంది. ఆ చప్పుడుకు ఆర్డిస్ ప్రాణం చివుక్కుమంది. తన ఇంటికి వచ్చిన ఎన్నో రోజులకు గానీ ఆ తోక కదలలేదు.

కారిన్ ఒక్కతే వస్తే ఎలా చెప్పాలో ఆర్డిస్ రాత్రంతా మనసులో వల్లించుకుని పెట్టుకుంది. కొత్త బెల్టు కొనుక్కుని వచ్చిన మనిషి ఎదురుగా ఆ మాట ఎలా అంటుంది? "కూర్చోండి, కాఫీ తాగుదురు గాని," అంది.

"అబ్బే, వద్దండీ," అన్నాడు వెండెల్.

"కాస్త తాగండి."

"మీకెందుకండీ శ్రమ."

"కాఫీ పెట్టేశాను, పోయడమే."

"అంతగా అంటే, సగం చాలండీ," అని కూర్చున్నాడు.

చెరువు గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏడు చెరువు మీద మంచుగడ్డ తొందరగా విడిచేలా ఉందన్నాడు వెండెల్. విడిచినా విడవొచ్చంది ఆర్డిస్. విడవకపోయినా ఆశ్చర్యం లేదంది కారిన్. లావాన్ మాత్రం ఉడుకుతున్న గిన్నె మీద మూతలా కూర్చుని ఉంది.

చివరికి కారిన్ కప్పు కింద పెట్టి గొంతు తగ్గించి, "ఆర్డిస్ గారూ, దీన్ని పంపేయడం మీకు ఇష్టమే కదా?" అంది.

మొదటిసారి అడిగింది. "నాకేం తల్లీ," అంది ఆర్డిస్. నాలుకకు అలవాటైన దారి అది, ఆపేలోపే జారిపోయింది.

లావాన్ బల్ల కింద కాలితో ఒక్క తన్ను తన్నింది. అది తగలాల్సిన చోట తగల్లేదు. "క్షమించండి, నా కాలు అడ్డొచ్చినట్టుంది," అన్నాడు వెండెల్, కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంటూ.

ప్లేటులో ఒక్క కేకు ముక్క మిగిలింది. ఆఖరి ముక్క తీసుకునే ధైర్యం ఆ జిల్లాలో ఎవరికీ లేదు. వెండెల్ దాన్ని సగానికి కోసి సగం తీసుకున్నాడు. కారిన్ ఆ సగాన్ని సగం చేసింది. మిగిలిన వేలెడు ముక్కను నలుగురూ చూస్తూ కూర్చున్నారు.

"మీకు ఉంచుకోవాలని ఉంటే," అన్నాడు వెండెల్, ప్లేటు వైపే చూస్తూ, "ఉంచుకోండమ్మా. నాదేముంది."

రెండోసారి కూడా అయింది. ఇదుగో, ఈయన వద్దంటున్నాడు, నాకు కావాలి అంటే అయిపోతుంది కదా అని మీరు అనుకుంటారు. కానీ రెండోసారికే పట్టుకుంటే ఆశపోతు అంటారు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అడిగితే చాలు, అనేస్తుంది. "లేదండీ, మీరు అంత దూరం నుంచి వచ్చారు. మీరే తీసుకెళ్లండి," అని, కారిన్ మొహంలోకి ఆశగా చూసింది.

కారిన్ ఆ చూపును చూసింది. లోపలి మాట పట్టుకుంది. జాలితో ఆర్డిస్ చేయి నొక్కింది.

"ఇంక అడిగి మిమ్మల్ని బాధపెట్టనండీ. ఎంత మొహమాటంతో చస్తున్నారో మీ మొహమే చెబుతోంది," అని, రెండు చేతులతో తొడల మీద చరుచుకుని, "సరే మరి" అంటూ లేచింది.

తొడలు చరిచి "సరే మరి" అన్నాక అక్కడ ఇంక మాటల్లేవు. వెండెల్ కష్టం మీద వంగి బెల్టు కట్టాడు. టర్నిప్ ముందు కాళ్ల మీద లేచి, వెనక కాళ్లు కూడదీసుకునేదాకా ఆగి, నిలబడింది. ఆర్డిస్ చేతులు తమంతట తామే పని చేసుకుపోయాయి. మందుల సీసా ఇచ్చాయి, దుప్పటి మడిచి ఇచ్చాయి.

"మాత్ర జున్నులో పెట్టి ఇవ్వాలండీ. మనం ఎదురుగా నిలబడి చూస్తే తినదు. అటు తిరిగి ఏదో పని చేసుకుంటున్నట్టు ఉండాలి," అంది.

"అలాగేనండీ. నాకూ ఎవరైనా చూస్తుంటే ముద్ద దిగదు," అన్నాడు వెండెల్.

చెడ్డవాడైనా బాగుండేది. కోపమైనా తోడుండేది. ఈ మనిషి మంచివాడని తెలిసేసరికి ఆర్డిస్ మింగలేక కక్కలేక అయిపోయింది.

అయినా ఒక ఆశ ఉంది. ఆ ఊళ్లో వీడ్కోలు ఒక్క చోట అయ్యేది కాదు. బల్ల దగ్గర లేచాక గడప దగ్గర కాసేపు ఆగుతారు. గడప దాటాక వాకిట్లో ఆగుతారు. బండెక్కాక కిటికీ దించి మళ్లీ మొదలుపెడతారు. ఆ ఆచారానికి ఆర్డిస్ ఆ రోజు మనసులోనే వెయ్యి దండాలు పెట్టుకుంది. గడప దగ్గర చెప్దామనుకుంది. అక్కడ రోడ్డు మీద గుంతల గురించి మాట్లాడారు. వాకిట్లో చెప్దామనుకుంది. అక్కడ కారిన్ తల్లికి కీళ్లనొప్పులు ఎలా ఉన్నాయో మాట్లాడారు. లావాన్ వెనక నుంచి నడుం గిల్లుతోంది. చెప్పు, చెప్పు అని ఒక్కో గిల్లుడు.

కారిన్, వెండెల్ కలిసి టర్నిప్‌ను ఎత్తి వ్యాను వెనక సీట్లో పెట్టారు. అది గింజుకోలేదు, మూలగలేదు. ఎత్తడం, దించడం, పంపడం, ఇవన్నీ దానికి మామూలే అన్నట్టు దుప్పటి మీద చుట్టుకుని పడుకుని, తల అటు తిప్పేసుకుంది. అది ఏడ్చినా ఆర్డిస్ తట్టుకునేదేమో. ఆ తల తిప్పుకోవడం చూడలేకపోయింది.

వెండెల్ ముందు సీట్లోకి ఎక్కాడు. ఇంజను మోగింది. కారిన్ కిటికీ దించింది.

"జాగ్రత్తగా వెళ్లండి. జింకలు అడ్డొస్తాయి," అంది ఆర్డిస్.

"వస్తామండీ."

కానీ ఆర్డిస్ చేయి కిటికీ అంచు మీద నుంచి రాలేదు. కారిన్ ఆ చేతిని చూసింది. "ఏమన్నా మరిచిపోయారా? మందులిచ్చారు, దుప్పటి ఇచ్చారు..."

"మరిచిపోయాను," అంది ఆర్డిస్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నాకు కావాలని చెప్పడం మరిచిపోయాను. ఆ కుక్క నాకు కావాలి. దించండి."

కారిన్ నోరు తెరిచింది. "అదేంటండీ, ఫోన్లో ఫరవాలేదన్నారు!"

"అన్నాను. ఫరవాలేదంటే, అది లేకపోతే నేనుండలేనని. నాకు అలా అనడమే వచ్చు, ఏం చెయ్యను? డెబ్బై ఏళ్లొచ్చాయి, ఇంకో మాట నేర్చుకోలేదు. నువ్వు ఇంకొక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని తల్లీ. అడగలేదు. కాబట్టి అడక్కుండానే చెప్తున్నా."

"నేను నోరెత్తలేదు! అందరూ చూశారు, నేను పల్లెత్తు మాట అన్లేదు!" అని లావాన్ వెనక నుంచి కేక పెట్టి, ముక్కు చీదుకుంది.

ఆర్డిస్ గుండె తేలికైంది. అనేసింది. భూమి బద్దలవలేదు. ఇక వెండెల్ ఒక్కమాట అంటే సరి. "అయ్యో, మీదేనండీ, తీసుకోండి" అంటాడు. అక్కడ పుట్టిన ఏ మనిషైనా అంటాడు. ఆమె ఒకసారి వద్దంటుంది, ఆయన మళ్లీ అంటాడు, ఇంక టర్నిప్ ఇంట్లోకి వచ్చేస్తుంది.

వెండెల్ ఒళ్లో ఎర్ర బెల్టు కొస పట్టుకుని దాన్నే చూశాడు.

"ఈ మాట బల్ల దగ్గర అనుంటే, బెల్టు జేబులో పెట్టుకుని ఇంటికి పోయేవాణ్ణండీ," అన్నాడు మెల్లగా. "నిజంగానే పోయేవాణ్ణి."

"వెండెల్ గారూ..." అంది కారిన్.

"ఉండమ్మా, చెప్పనీ. ఆర్డిస్ గారూ, ఆ రోజు మీరు తువ్వాళ్లు పట్టుకుని షెల్టర్‌కి వచ్చారట కదా. అప్పటికే నేను రోజూ పోయి దీని బోను ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. తీసుకెళ్తారా అని ఈ అమ్మాయి అడిగితే, ఇంకెవరికైనా కావాలంటే ఇచ్చెయ్యమ్మా, నాదేముంది అన్నాను. మాట వరసకి. మర్నాడు పోయేసరికి బోను ఖాళీ."

కారిన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడూ ఆమె లోపలి మాట పట్టుకునే ఉంటుంది.

వెండెల్ తలెత్తి ఆర్డిస్ కళ్లలోకి చూశాడు. ఆయన కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి, కానీ గొంతు తొణకలేదు.

"ఒకసారి మీకు ఇచ్చేశానండీ. మళ్లీ ఇవ్వలేను. నాకూ కావాలి."

ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఒకే దాన్ని నాకు కావాలంటే నాకు కావాలని పట్టుబడితే, ఆ తర్వాత ఏమనాలో ఆ ఊళ్లో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. కారిన్ చేయి చాచి ఇంజను ఆపేసింది. చప్పుడాగింది కదా, ఇల్లు వచ్చిందనుకుని, వెనక సీట్లో టర్నిప్ కాళ్లు కూడదీసుకుని లేచి నిలబడి, ఎవరు తలుపు తీస్తారా అని చూస్తోంది.